దయ్యాల మేడకు కొత్త తలుపులు

విక్రమార్కుడు చెట్టెక్కి, శవాన్ని దించి, భుజాన వేసుకొని శ్మశానం వెంట నడుస్తూ ఉంటే, ఆ శవంలోని బేతాళుడు ఒక కథ చెప్పి, కథ చివర ఒక ప్రశ్న వేస్తాడు. తెలిసి చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెపితే మౌనం చెడి శవం తిరిగి చెట్టుకెక్కుతుంది. ఈ కథ ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. భయమూ, చిక్కుప్రశ్నా రెండూ ఒకే భుజం మీద ఎక్కి రావడం ఇందులోని విశేషం. భయం మనస్సును బిగదీస్తుంది. ప్రశ్న దానిని పరుగెత్తిస్తుంది. ఈ రెండింటినీ ఒకేసారి అనుభవించడంలో ఒక వింత సుఖమున్నది. ఆ సుఖాన్నే కంప్యూటర్ తెర మీదికి తెచ్చి, 1990 ప్రాంతాలలో అమెరికాలో కొందరు ఒక కొత్త వినోదాన్ని సృష్టించినారు. అవి కొంతకాలం వెలిగి, పిదప ఎవరికీ అందకుండా పోయి, ఇటీవలి సంవత్సరాలలో మళ్లీ అంగళ్లలో కనిపించినవి. ఆ అంగళ్లు కూడా వీధిలో ఉండే అంగళ్లు కావు. సరకు తీగల వెంట ఇంటికే వస్తుంది.

వీటిలో మిక్కిలి పేరుగాంచినది 'ది సెవెన్త్ గెస్ట్'. అనగా ఏడవ అతిథి. ఇది 1993లో వెలువడినది. ఆడే మనిషి కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. తెర మీద ఒక పాడుబడిన మేడ లోపలి భాగం కనిపిస్తుంది. మౌసును కదిపితే తెర మీద ఒక అస్థిపంజరపు చేయి కదులుతుంది. వెళ్లదగిన దారి ఉన్నచోట ఆ చేయి వేలితో రమ్మని పిలుస్తుంది. దారి లేనిచోట వేలు ఆడించి వద్దంటుంది. చిక్కుప్రశ్న ఉన్నచోట చేయి మాయమై ఒక పుర్రె ప్రత్యక్షమవుతుంది. దానిలో మెదడు గుండెవలె కొట్టుకుంటూ ఉంటుంది. ప్రశ్న విప్పితే మేడలో మరికొంత మేర తెరచుకుంటుంది, నటులతో తీసిన ఒక చిన్న దృశ్యం నడుస్తుంది, కథలో ఒక ముక్క బయటపడుతుంది. కత్తి తిప్పే పని, తుపాకి పేల్చే పని ఇందులో లేదు. ఉన్నదల్లా చీకటి, సంగీతం, గోడల వెనుకనుంచి వెక్కిరించే ఒక గొంతు, ముందర ఒక ప్రశ్న.

కథ ఇది. హెన్రీ స్టాఫ్ అనే దేశదిమ్మరి ఒకడు ఒక స్త్రీ చేతి సంచి కోసం ఆమెను చంపుతాడు. ఒకనాటి రాత్రి అతనికి కలలో ఒక బొమ్మ కనిపిస్తుంది. లేచి దానిని కొయ్యతో చెక్కుతాడు. ఆ బొమ్మ ముచ్చటగా ఉండడం చేత దానికి బదులుగా అతనికి తిండీ నీడా దొరుకుతవి. కలలు వస్తూనే ఉంటవి, బొమ్మలు పెరుగుతూనే ఉంటవి. దిమ్మరి కాస్తా ధనవంతుడైన బొమ్మల వర్తకుడవుతాడు. అంతలో ఊరి పిల్లలకు ఏదో అంతుపట్టని జబ్బు తగులుతుంది. వారు స్టాఫ్ చేసిన బొమ్మలను గుండెలకు హత్తుకొనే మరణిస్తారు. స్టాఫ్ ఒక పెద్ద మేడ కట్టుకొని లోకానికి కనిపించకుండా పోతాడు. కొంతకాలానికి ఆ మేడకు రమ్మని ఆరుగురికి ఆహ్వానాలు వెళతవి. వచ్చినవారు ఆరుగురే, ఏడవ అతిథి ఎవరన్నదే ఆట మొత్తానికి ముడి. ఆడదలచిన వారి సుఖం చెడకుండా ఆ పేరు నేనిక్కడ బయటపెట్టను.

ముప్పది సంవత్సరాల తరువాత కూడా ఈ ఆట చెడకుండా నిలిచినదంటే, అందులో చిక్కుప్రశ్నల పాలు చిన్నది కాదు. భోజనశాలలో బల్ల మీద ఒక కేకు ఉంటుంది. దానిలో 30 ముక్కలు. 12 ముక్కల మీద పుర్రెలు, 12 ముక్కల మీద సమాధిరాళ్లు, మిగిలిన 6 ముక్కలు ఉత్త తీపి పూతవి. ఒక్కొక్కరికి రెండు పుర్రెలు, రెండు సమాధులు, ఒక వట్టి ముక్క వచ్చేటట్లు, ఎవరి ముక్కలూ విడిపోకుండా, ఆరుగురికి పంచాలి. కాగితం మీద గళ్లు గీసుకొని పిల్లలతో కలసి ఇంట్లో ప్రయత్నించదగినదే. మరొకచోట చదరంగపు బల్ల మీద ఎనిమిది రాణులను ఒకదానికొకటి చిక్కకుండా నిలపాలి. ఇది 1848లో మాక్స్ బెజ్జెల్ అనే జర్మన్ చదరంగ క్రీడాకారుడు లోకానికి వేసిన ప్రశ్న. సమాధానాలు 92 ఉన్నవని గణితజ్ఞులు తేల్చినారు. భయం పేరు చెప్పి ఈ ఆట ఒక తరం యువకులకు పాత గణితవినోదాలను మళ్లీ పరిచయం చేసినదన్నమాట.

వంటసామాను కొట్టులోని ప్రశ్న మరీ తమాషా. డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటవి. వాటిని వరుస మార్చి అర్థవంతమైన వాక్యం చేయాలి. కాని ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే అచ్చులు ఒక్క డబ్బా మీద కూడా ఉండవు. ఉన్నదల్లా వై అనే అక్షరం ఒక్కటే. దానితోనే వాక్యం మొత్తం నడవాలి. నిషిద్ధాక్షరితో అవధానిని కట్టివేసే పృచ్ఛకుని చూసి ఆనందించిన మనవారికి ఈ చమత్కారం కొత్తగా తోచదు. ఐతే ఇది ఆ భాషకూ ఆ లిపికీ కట్టుబడిన ప్రశ్న. వేరొక భాషలోకి తెస్తే ప్రశ్నే ఉండదు. పాత ఆటలను తిరిగి తేవడంలో యంత్రాల చిక్కు ఒకటే ఉన్నదనుకొనేవారు ఈ డబ్బాలను గుర్తుంచుకోవాలి.

ఆట పుట్టిన వైనం కూడా చెప్పుకోదగినదే. రాబ్ లాండెరోస్ చిత్రకారుడు, గ్రేమ్ డివైన్ కంప్యూటర్ నిపుణుడు. ఇద్దరూ వర్జిన్ గేమ్స్ అనే సంస్థలో ఉద్యోగులు. ఆ రోజులలో పాటల కోసం వాడే కాంపాక్ట్ డిస్కును కంప్యూటర్ సమాచారం నింపడానికి కూడా వాడవచ్చునని తెలిసినది గాని, దానితో ఏమి చేయాలో చాలామందికి తెలియలేదు. ఈ ఇద్దరూ ఒక దయ్యాల మేడ ఆటకు ప్రణాళిక వ్రాసి పై అధికారి మార్టిన్ ఆల్పర్‌కు ఇచ్చినారు. ఆయన చదివి, ఇద్దరినీ భోజనానికి తీసుకువెళ్లి, మీ ఉద్యోగాలు పోయినవని చెప్పినాడట. కోపంతో కాదు, ఇంత కొత్త పని పెద్ద సంస్థ గోడల మధ్య సాగదు, బయట స్వంత సంస్థ పెట్టుకొని చేయండి, మేమే ప్రచురిస్తామని ఆయన ఉద్దేశం. ఉద్యోగం నుంచి తొలగించడాన్ని ఇంత మర్యాదగా చేసిన యజమానులు చరిత్రలో తక్కువ. ఆ విధంగా ఆరెగన్ రాష్ట్రంలో ట్రైలోబైట్ అనే చిన్న సంస్థ వెలసినది. కథను నవలాకారుడు మాథ్యూ కాస్టెల్లో వ్రాసినాడు. సంగీతం జార్జ్ శాంగర్ కూర్చినాడు.

మొదట ఒక నిజమైన పాత మేడలోనే చిత్రీకరించాలని తలచినారు. కాని రాబర్ట్ స్టెయిన్ అనే యువచిత్రకారుడు మేడను కంప్యూటర్‌లోనే గదిగదిగా కట్టి చూపేసరికి ఆ ఆలోచన మానినారు. ఇక నటులు. వారిని నీలిరంగు కాగితం ముందు నిలబెట్టి వీడియో తీసి, తరువాత ఆ నీలిరంగును తొలగించి, కంప్యూటర్‌లో కట్టిన గదులలో అతికించాలి. డబ్బు తక్కువ, వ్యవధి తక్కువ, కెమెరాలు సామాన్యమైనవి. నీలిరంగు నటుల మీద ప్రతిఫలించి, ఎంత తుడిచినా వారి చుట్టూ ఒక మసక వెలుగు మిగిలిపోయినది. తప్పు దిద్దే వీలు లేదు. అప్పుడు వారికి తోచినదేమనగా, ఈ పాత్రలందరూ ఎప్పుడో చనిపోయినవారే గదా, వీరిని దయ్యాలుగానే చూపుదామని. ఆ మసక వెలుగే ఆటకు ముఖ్యాలంకారమైనది. దానిని చూసి జడుసుకొన్నవారిలో అది ఒక పొరపాటని ఊహించినవారు ఎవరూ ఉండరు.

డిస్కు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఒక కాంపాక్ట్ డిస్కులో సుమారు 650 మెగాబైట్ల సమాచారం పడుతుంది. నాడు వాడుకలో ఉన్న చిన్న ఫ్లాపీలు 1.44 మెగాబైట్లవి; లెక్క కట్టితే ఒక డిస్కుకు బదులు దాదాపు 450 ఫ్లాపీలు కావాలి. చోటు ఉన్నది గాని వేగం లేదు. తొలినాటి డిస్కు యంత్రాలు క్షణానికి 150 కిలోబైట్లు మాత్రమే చదవగలిగేవి. అంత సన్నని ధారలో నుంచి కదిలే బొమ్మలను పిండుకొనే ఉపాయం డివైన్ కనిపెట్టవలసివచ్చినది. ఏడవ అతిథి రెండు డిస్కులలో వెలువడినది. ఆ ఆట కోసమే డిస్కు యంత్రం కొనుక్కొన్న ఇళ్లు అమెరికాలో ఎన్నో. ఇరువది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైనవి.

ఆ వెలుగు ఎక్కువకాలం నిలువలేదు. రెండవ భాగం 'ది ఇలెవెన్త్ అవర్' 1995లో నాలుగు డిస్కులతో వచ్చినది గాని మొదటిదాని ఆదరణ పొందలేదు. అదే సంవత్సరం సియెర్రా సంస్థ నుంచి రాబర్టా విలియమ్స్ రచించిన 'ఫాంటస్మగోరియా' ఏడు డిస్కులతో వచ్చి, కొంత సంపాదించుకొని, దానిలోని దారుణదృశ్యాల వలన ఆస్ట్రేలియాలో అనుమతి పోగొట్టుకొన్నది. అంతలో జనుల అభిరుచి మారినది. పరుగులు, పోరాటాలు గల ఆటలు ముందుకు వచ్చినవి. తీరికగా కూర్చొని కేకు పంచే ఓపిక తగ్గినది. లాండెరోస్, డివైన్ చెరొక దారి పట్టినారు. 1990ల చివరికి ట్రైలోబైట్ మూతపడినది.

ఇంతవరకు జరిగినది ఏ వ్యాపారంలోనైనా జరిగేదే. తరువాత జరిగినది మాత్రం కంప్యూటర్ ఆటలకే ప్రత్యేకమైన విపత్తు. పాత పుస్తకం బీరువాలో దొరికితే తెరచి చదువుకోవచ్చు. పాత గ్రామఫోన్ రికార్డుకు ఒక యంత్రం కావాలి గాని, ఆ యంత్రపు సూత్రం ఎక్కడైనా ఒకటే. కంప్యూటర్ ఆట అట్లు కాదు. ఏడవ అతిథి డాస్ అనే పాత వ్యవస్థ కోసం, ఆనాటి ధ్వనిపలకల కోసం, ఆనాటి చిత్రపలకల కోసం వ్రాసినది. విండోస్ తరాలు మారినకొద్దీ కొత్త కంప్యూటర్‌కు ఆ పాత భాష అర్థం కాకుండా పోయినది. డిస్కు గీత పడకుండా తళతళలాడుతూనే ఉంటుంది. ఆట మాత్రం మొదలు కాదు. పది పదిహేను సంవత్సరాలలో లక్షల ఇళ్లలోని డిస్కులు ఈ విధంగా మూగబోయినవి.

వీటికి మాట తెప్పించినవారు మొదట వర్తకులు కారు. జీతం పుచ్చుకోకుండా పనిచేసిన ఔత్సాహికులు. వారి పద్ధతులు రెండు. గ్రామఫోన్ ఉపమానంతోనే చెపుతాను. కొత్త యంత్రం లోపల పాత గ్రామఫోన్‌ను అచ్చంగా నటింపజేయడం ఒకటి. 2002 నుంచి దొరుకుతున్న డాస్‌బాక్స్ అనే పనిముట్టు చేసేది అదే. పాత యంత్రంతో పని లేకుండా, రికార్డు మీది గాళ్లను తామే చదవడం నేర్చి కొత్త యంత్రానికి అనువుగా వినిపించడం రెండవది. స్కమ్‌వీఎమ్ అనే పనిముట్టు ఈ మార్గానిది. ఆట లోపలి నడకను ఎవరో అపరిచితులు అక్షరమక్షరం విప్పి, కొత్తగా వ్రాసి, 2009 నాటికి స్టాఫ్ మేడను ఆ పనిముట్టులో తెరిచినారు. ఒక చిక్కుప్రశ్నల ఆటకు జరిగిన మర్యాదలలో ఇంతకంటె తగినది లేదు.

వర్తకులు ఆ వెనుక వచ్చినారు. పోలండు దేశంలో 2008లో పాత మంచి ఆటలు అనే అర్థం గల పేరుతో జీ.ఓ.జీ. అనే అంగడి మొదలైనది. పాత ఆటలను నేటి కంప్యూటర్‌లో నడిచేటట్లు సవరించి, తాళం వేయని ప్రతులుగా అమ్మడం దాని వ్రతం. ఫాంటస్మగోరియా ఏడు డిస్కులూ 2010లో అక్కడ ఒక్క మూటగా తిరిగి వెలువడినవి. అదే సంవత్సరం చివర ట్రైలోబైట్ పేరు మళ్లీ వినిపించినది. ఏడవ అతిథి ఆపిల్ వారి చేతిపలకల మీదికి వచ్చినది. ఒకప్పుడు రెండు డిస్కులు, బరువైన పెట్టె కావలసిన మేడ అరచేతిలోకి వచ్చినది. అస్థిపంజరపు చేయి చేసే పనిని మనిషి వేలే చేయసాగినది. ఆ పైన స్టీమ్ వంటి అంగళ్లలో, 2019లో ఇరువదియైదవ వార్షిక ప్రతిగా, 2023లో కళ్లకు తగిలించుకొనే తొడుగులో చూసే రూపంగా, వరుసగా వచ్చినది.

ఇక్కడ నాకొక భేదం పాటించవలె ననిపిస్తుంది. పాతదానిని ఉన్నదున్నట్లు తిరిగి ఇవ్వడం ఒకటి. పాత కథను మళ్లీ తీయడం వేరు. 2023 నాటి రూపంలో నటులను కొత్తగా, నలుదిక్కుల కెమెరాలతో చిత్రించినారు. ఆ దయ్యాల చుట్టూ మనం నడిచి చూడవచ్చు. నేర్పుకు లోటు లేదు. కాని ఆ నీలికాగితపు మసక వెలుగు అక్కడ దొరకదు. దొరికినా అది బుద్ధిపూర్వకంగా పూసిన రంగే అవుతుంది. నాటి మేడలో ఒక గది నుంచి మరొక గదికి పోవడానికి పట్టే వ్యవధి, డిస్కు గిర్రున తిరిగే చప్పుడు, ఆ ఆలస్యంలో గుండె ఒకసారి జారడం, ఇవన్నీ ఆటలో భాగమే. తిరిగి విడుదలైన ప్రతులలో కూడా ఆ ఆలస్యం ఉండదు. పాత ఆటను ఎంత యథాతథంగా ఇచ్చినా దాని కాలాన్ని ఇవ్వలేము. ఐనను నేను పాత ప్రతి పక్షమే. మళ్లీ తీసినదానిని చూసి మొదటిదానిని తెలుసుకొన్నామనుకోవడం, వచన సంగ్రహం చదివి ప్రబంధం చదివామనుకోవడం వంటిది.

అందమైన కథే గాని, ఇది అదృష్టవంతుల కథ. పని చేసినవారు బ్రతికి ఉండి, పేరు నిలిచి ఉండి, అభిమానులు పూనుకొన్నందున ఈ మేడ తలుపులు తెరచుకొన్నవి. ఆ అభిమానుల పట్టుదల ఎట్టిదంటే, 'ది థర్టీన్త్ డాల్' అనే తరువాయి కథను వారే నిర్మించి 2019లో విడుదల చేసినారు. పాత స్టాఫ్ పాత్రధారి రాబర్ట్ హిర్ష్‌బోక్ తిరిగి వచ్చి అందులో నటించినాడు. అందరికీ ఈ భాగ్యం లేదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు 2023లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, ఆ దేశంలో వెలువడిన పాత ఆటలలో 87 శాతం నేడు అంగడిలో దొరకవు. సంస్థలు చేతులు మారినవి, ఒప్పందాలు పోయినవి, సంగీతానికి ఒకరు, కథకు ఒకరు హక్కుదారులు. ఎవరిని అడిగి అచ్చు వేయాలో తెలియని పుస్తకం అచ్చు కాదు గదా. పోనీ, గ్రంథాలయాలు తమ వద్ద ఉన్న ప్రతులను దూరాన ఉన్న పరిశోధకులకు తీగల వెంట చూపవచ్చునా అని అడిగితే, అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024లో అందుకు సమ్మతించలేదు. వినోదానికి వాడుకొంటారేమోనని సందేహం. పరిశోధకుడు పొరపాటున ఆనందిస్తే ప్రమాదమన్నమాట.

తీగల వెంట వచ్చినది తీగల వెంటనే పోగలదు కూడా. 2014లో జపాను సంస్థ కొనామీ 'పీ.టీ.' అనే చిన్న భయానక ప్రహేళికను ప్లేస్టేషన్ యంత్రానికి ఉచితంగా ఇచ్చినది. ఒకే వసారాలో తిరిగి తిరిగి నడవడమే ఆట. అంతటి భయం మరి దేనిలోనూ లేదని ఆడినవారు చెప్పుకొన్నారు. 2015లో సంస్థ దానిని అంగడి నుంచి తీసివేసినది. డిస్కు ఎన్నడూ లేదు గనుక అటకమీద వెదకడానికి ఏమీ లేదు. తమ యంత్రంలో అది మిగిలినవారు ఆ యంత్రాన్ని దాచుకొన్నారు. వెల యిచ్చి పుచ్చుకొన్నదానికి కూడా అమ్మకందారు ఇచ్చేది తరచుగా వాడుకొనే అనుమతి మాత్రమే. ఆ సంగతి కొనేవానికి స్పష్టంగా చెప్పితీరాలని కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం 2025 జనవరిలో అమలులోకి వచ్చినది.

రేడియోలో పనిచేసేవానికి ఈ గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నా ఉద్యోగపు తొలిరోజులలో ఒక పాత నాటకపు టేపు కావలసివచ్చి భద్రపరచిన గదికి వెళ్లినాను. పెట్టె ఉన్నది, పెట్టె మీద నాటకం పేరు, పాత్రధారుల పేర్లు చక్కని దస్తూరీతో ఉన్నవి. టేపు ఎక్కించి వింటే ఏదో పంటల చీడపీడల మీద ప్రసంగం వచ్చినది. టేపుకు కరవు వచ్చిన రోజులలో ఎవరో దానినే తుడిచి మళ్లీ వాడినారు. వారిని తప్పు పట్టలేను. ఆనాటికి ఆ నాటకం నిన్నటి ప్రసారం మాత్రమే, చీడపీడలు రేపటి అవసరం. మన దేశపు మొదటి టాకీ చిత్రం 'ఆలం ఆరా' 1931లో వెలువడి, ఈనాడు ఒక్క ప్రతి లేకుండా పోయినదన్నా ఇటువంటి నిన్నటి సరకు అనుకొనే బుద్ధియే కారణాలలో ఒకటి కావచ్చు.

స్టాఫ్ మేడ విషయంలో ఇంకొక చిన్న సంగతి ఉన్నది. నా చెవికి అన్నింటికంటె ఇంపైనది అదే. ఏడవ అతిథి రెండవ డిస్కులో ఆట సమాచారంతో పాటు శాంగర్ కూర్చిన సంగీతాన్ని మామూలు పాటల డిస్కులలో వలెనే పొందుపరిచినారు. దానిని వినడానికి డాస్ అక్కరలేదు, స్కమ్‌వీఎమ్ అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. 1993లో కొన్న ఆ డిస్కు ఎవరి ఇంటనైనా ఉంటే, పాటల యంత్రంలో పెట్టి మీట నొక్కితే చాలు. మేడ కనిపించదు గాని దానిలోని సంగీతం మొదటినాటి వలెనే వినిపిస్తుంది.